చివరి మాట అధ్యక్షులది: ఒక షటిల్ క్లబ్బు కమిటీ సమావేశాలు మారిన తీరు

సమావేశాల్లో తీసుకున్న నిర్ణయాలు రాసే మా క్లబ్బు మినిట్స్ పుస్తకంలో 2017 జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే వాక్యం మూడుసార్లు కనిపిస్తుంది: "పిల్లల శిక్షణ వేళల గురించి సుదీర్ఘంగా చర్చించి, ఈ విషయమై తగు నిర్ణయం తీసుకోవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." మూడూ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఆ వేసవిలోనే కార్యదర్శి బాధ్యత తీసుకున్నాను. పాత కార్యదర్శులు ఎలా రాశారో చూసి అలాగే రాశాను. ఆ వాక్యం వల్ల నష్టపోయింది 28 మంది పిల్లలు. మూడు నెలలపాటు ఏ వేళకు రావాలో వాళ్లకు ఎవరూ ఖాయంగా చెప్పలేదు. వచ్చిన రోజున కోర్టు ఖాళీ లేకపోతే రాకెట్లు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేవారు. కొందరు రావడం మానేశారు. వాళ్లలో ఒక అమ్మాయి ఫుట్‌వర్క్ చూసి నేను చాలా ఆశ పెట్టుకున్నాను. ఆమె మళ్లీ రాలేదు. ఈ వ్యాసం రాయడానికి ఆ అమ్మాయే కారణం.

గోదావరి డెల్టాలో ఒక చిన్న పట్టణం మాది. రేకుల షెడ్డు కింద రెండు కోర్టులు, పక్కన ఒక గది, గదిలో ఒక బీరువా. సభ్యులు 90 మందికి పైగా ఉన్నారు: రైసు మిల్లుల వాళ్లు, వకీళ్లు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, మందుల దుకాణాల వాళ్లు. కార్యవర్గంలో 11 మంది: అధ్యక్షులు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, కోశాధికారి, అయిదుగురు సభ్యులు. తెల్లవారుజామున అయిదింటికి మొదటి జట్టు దిగుతుంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు రెండు కోర్టులూ నిండిపోతాయి.

మన రాష్ట్రాల్లో షటిల్‌కు పట్టు కొత్తది కాదు. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచినప్పుడు మా షెడ్డులో మిఠాయిలు పంచారు. గుంటూరు కుర్రాడు శ్రీకాంత్ పేరు పెరిగినప్పుడు మా ఊరి కుర్రాళ్లు నెట్ దగ్గర అతని ఆటను అనుకరించేవారు. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో సింధు వెండి పతకం గెలిచిన తర్వాత మాత్రం పరిస్థితి పూర్తిగా మారింది. అప్పటిదాకా పెద్దల వ్యాయామశాలగా ఉన్న చోటికి తల్లిదండ్రులు పిల్లల చెయ్యి పట్టుకుని రావడం మొదలుపెట్టారు. 2017 వేసవిలో శిక్షణ శిబిరం పెట్టాం. ఒక శిక్షకుణ్ణి కుదుర్చుకున్నాం. జూన్‌లో బడులు తెరిచాక చిక్కు మొదలైంది. పిల్లలకు కోర్టు కావలసింది సాయంత్రం. ఇరవై ఏళ్లుగా ఆడుతున్న సభ్యులకు కావలసిందీ సాయంత్రమే.

గదిలో మౌనం, గేటు దగ్గర మాట

అప్పట్లో మా సమావేశం నెలకొకసారి రాత్రి ఏడున్నరకు. అసలు మొదలయ్యేది ఎనిమిది దాటాక. సెప్టెంబరు సమావేశంలో నేను ఒక పని చేశాను. మినిట్స్ కాగితం పక్కన మరో కాగితం పెట్టుకుని, ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారో గడియారం చూసి రాసుకున్నాను. సమావేశం రెండున్నర గంటలు నడిచింది. అందులో ముప్పావు వంతు నలుగురే మాట్లాడారు. అయిదుగురు హాజరు పట్టీలో సంతకం పెట్టి, టీ తాగి, ఒక్క మాటయినా అనకుండా వెళ్లిపోయారు. ఎక్కువ సమయం తిన్నది శిక్షణ కాదు, షటిళ్ల ఖర్చు. దాని గురించి తర్వాత చెబుతాను.

మౌనం అర్ధాంగీకారం అంటారు. మా గదిలో అది అర్ధం కాదు కదా, పావు అంగీకారం కూడా కాదు. సమావేశం ముగిశాక గేటు దగ్గర, స్కూటర్లు స్టార్టు చేయబోతూ, ఆ అయిదుగురూ అరగంటసేపు మాట్లాడుకునేవారు. గదిలో ఏం జరగాలో, ఎందుకు జరగడం లేదో అక్కడ ఎంతో స్పష్టంగా వినిపించేది. మర్నాడు ఉదయం కోర్టులో ఎవరో ఒకరు "రాత్రి అనుకున్నది అది కాదే" అనేవారు. ఇంకొకరు "అదే అనుకున్నాం" అనేవారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. పైకి చదవని తీర్మానాన్ని ఎవరికి వారు తమకు నచ్చినట్టు గుర్తుంచుకున్నారు.

ఈ మౌనానికి పిరికితనం కారణం కాదు. మా అధ్యక్షులు విశ్రాంత ప్రధానోపాధ్యాయులు. డెబ్బై దాటిన మనిషి. 1980లలో ఆ స్థలం కోసం తిరిగింది, ఇంటింటికీ వెళ్లి చందాలు పోగుచేసి షెడ్డు వేయించింది ఆయనే. కమిటీలో సగంమంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు. అందరం ఆయనను "మాస్టారూ" అనే పిలుస్తాం. మాస్టారు మొదట ఒక మాట అన్నాక, ఆయన శిష్యుడు నలుగురి ముందు "అది కాదండీ" అనడం మా ఊళ్లో మర్యాద కాదు. ఆ మర్యాదను నేనూ గౌరవిస్తాను. దానిని వదులుకుని మాత్రమే సమావేశాలు బాగుపడతాయంటే నాకు ఆ బాగు అక్కర్లేదు. మర్యాద చెడకుండా మాట బయటికి రావాలి. నా ముందున్న సమస్య అదే.

తొందరపడి చేసిన తప్పు

మా సభ్యుల్లో ఒక మాజీ సైనికుడు ఉన్నారు. సైనిక న్యాయస్థానంలో అభిప్రాయాలు తీసుకునేటప్పుడు అందరికంటే చిన్న హోదాలో ఉన్న అధికారితో మొదలుపెడతారని ఒక ఉదయం ఆట అయ్యాక ఆయన చెప్పారు. పై అధికారి ముందే తేల్చి చెప్పేస్తే కింది అధికారి మరోలా చెప్పలేడు, అందుకే ఆ ఏర్పాటు అన్నారు. ఆ మాట నా మనసులో నాటుకుంది. అక్టోబరు సమావేశం మొదలవగానే, "ఈ రోజు నుంచి కమిటీలో కొత్తగా వచ్చినవాళ్లు, వయసులో చిన్నవాళ్లు ముందు మాట్లాడతారు" అని ప్రకటించాను.

మాస్టారుకు ముందుగా ఒక్క మాటా చెప్పలేదు. ఇరవై నిమిషాల తర్వాత ఆయన నిద్రవేళయిందని లేచారు. మిగతావాళ్లు తల దించుకున్నారు. ఆ సమావేశంలో ఇక ఎవరూ నోరు విప్పలేదు. మూడు రోజులు మాస్టారు ఉదయం ఆటకు రాలేదు.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద పేపరు చదువుతున్నారు. కూర్చోమన్నారు. అమ్మగారు కాఫీ తెచ్చారు. క్షమించమని అడిగాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "నన్ను మాట్లాడవద్దన్నావు కదా, బాబూ" అన్నారు.

"లేదు మాస్టారూ. మీరు ముందు చెబితే, తర్వాత మాట్లాడేవాళ్లంతా మీ మాటే తిరిగి చెబుతున్నారు. వాళ్ల మనసులో ఏముందో మీకు తెలియడం లేదు. వాళ్లు గేటు దగ్గర మాట్లాడుకుంటున్నది నేను వింటున్నాను, మీరు వినడం లేదు."

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆయనే అన్నారు: "తరగతిలో ప్రశ్న నేనే వేసి, జవాబూ నేనే చెప్పేస్తే పిల్లవాడికి వచ్చిందో రాలేదో నాకెలా తెలుస్తుంది? ఇన్నేళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఈ గదిలోకి వచ్చేసరికి మరిచిపోయాను." ఆ తర్వాత వాళ్ల తాతగారి కాలంలో రచ్చబండ దగ్గర తగవులు ఎలా తీర్చేవారో చెప్పారు. పెద్దమనిషి ముందు నోరు తెరిచేవాడు కాదట. రెండు వైపులా పూర్తిగా విని, చివర ఒక్కసారే మాట్లాడేవాడట. "నాకు చివరి మాట ఇయ్యి. అంతవరకు నేను ప్రశ్నలు మాత్రం అడుగుతాను" అన్నారు.

మార్పంతా ఆ అరుగు మీద జరిగింది. నేను "చిన్నవాళ్లు ముందు" అన్నప్పుడు ఆయనకు వినిపించింది "పెద్దవాళ్లు వెనక్కి" అని. "చివరి మాట అధ్యక్షులది" అన్నప్పుడు అదే పద్ధతి ఆయన గౌరవాన్ని పెంచేదిగా మారింది. సమావేశంలో ఏ పద్ధతి మార్చాలన్నా ముందు అధ్యక్షుల ఇంటికి వెళ్లాలి. ఇది కార్యదర్శి చేయాల్సిన పనుల్లో మొదటిదని ఇప్పుడు నమ్ముతున్నాను. నెలనెలా సమావేశానికి ముందు ఆదివారం ఆ అరుగు మీద ఎజెండా చదివి వినిపించడం ఆ రోజు నుంచే అలవాటు చేసుకున్నాను.

ఎజెండాలో ప్రశ్న

నవంబరు సమావేశానికి ఎజెండా మార్చి రాశాను. అంతకుముందు "పిల్లల శిక్షణ – చర్చ" అని ఉండేది. చర్చ అని రాస్తే చర్చే జరుగుతుంది. ఈసారి ఇలా రాశాను: "పిల్లల శిక్షణ సాయంత్రం ఏ వేళ నుంచి ఏ వేళ వరకు, ఒక కోర్టులోనా రెండు కోర్టుల్లోనా జరగాలి? పర్యవేక్షణ ఎవరిది? ఎప్పటి నుంచి అమలు?" దాని కింద అయిదారు వరుసల్లో పిల్లల సంఖ్య, వాళ్ల వయసులు, సాయంత్రం ఏ గంటలో ఎంతమంది సభ్యులు ఆడుతున్నారు అన్న లెక్క వేశాను. ఈ లెక్క కోసం వారం రోజులు గేటు దగ్గర పుస్తకం పెట్టించాం. కాగితం మూడు రోజుల ముందే అందరి ఇళ్లకూ పంపాను. ఫోనుకు పంపితే చాలని కొందరన్నారు కానీ, మా పెద్దలు కాగితం మీద ఉన్నదే చదువుతారు.

ఇంకో మార్పు సమావేశం వేళ. రాత్రి వేళ మానేసి, నెలలో రెండో ఆదివారం ఉదయం ఆట ముగిశాక తొమ్మిదింటికి పెట్టాం. అందరూ ఎలాగూ అక్కడే ఉంటారు. కోరం (కనీస హాజరు) కోసం ఫోన్లు చేయవలసిన అవసరం తప్పింది. ఇడ్లీలు సమావేశం ముగిశాకే తెప్పించేవాళ్లం.

ఆ రోజు మొదటిగా మాట్లాడవలసినది మా కమిటీలోని ఏకైక మహిళా సభ్యురాలు. ఆమె ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలు. కమిటీలోకి వచ్చి ఏడాదయింది. ఆ ఏడాదిలో ఆమె మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గదిలో ఉన్న 11 మందిలో రోజంతా పిల్లలతో గడిపేది ఆమె ఒక్కరే. ఆమెను ఇన్ని నెలలు మేం అడగలేదు.

ఆమె చెప్పింది ఇది: "బడి నాలుగుంబావుకు వదులుతారు. పిల్లల్లో ఎక్కువమందికి ఆరున్నరకు ట్యూషను. డిసెంబరులో అయిదున్నరకే చీకటి పడుతుంది. చీకటి పడ్డాక ఆడపిల్లలను పంపడానికి తల్లిదండ్రులు వెనకాడుతున్నారు. ఆరింటికి శిక్షణ కావాలని తల్లిదండ్రులు అడగలేదు, మనమే ఆరనుకుని కొట్లాడుకుంటున్నాం. నాలుగున్నర నుంచి ఆరు వరకు పెడితే పిల్లలకే మేలు. అప్పుడు రెండు కోర్టులూ దాదాపు ఖాళీగానే ఉంటున్నాయి, మీ కాగితంలోనే ఉంది కదండీ."

గదిలో ఎవరూ కదల్లేదు. నాలుగు నెలలుగా పెద్దల ఆట గొప్పదా, పిల్లల భవిష్యత్తు గొప్పదా అన్న వాదనలో మునిగిపోయాం. రెండింటికీ పోటీయే లేదని ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. తర్వాత మాట్లాడిన ఇద్దరు చిన్న సభ్యులు, శిక్షకుడు నాలుగున్నరకు రాగలడా అని అడిగారు. ఆ సంగతి అప్పుడే ఫోనులో తేల్చుకున్నాం. ట్యూషన్ల వల్ల ఆ వేళ కుదరని ముగ్గురు పిల్లలను ఉదయం జట్టుతో కలపాలన్నారు ఒక ఉపాధ్యక్షులు. మాస్టారు చివర మాట్లాడారు: "అమ్మాయి చెప్పినట్టే చేద్దాం. ఇంతకాలం అడగనందుకు నేను ఆమెకు క్షమాపణ చెబుతున్నాను." ఆ వాక్యం కూడా మినిట్స్‌లో రాయమన్నారు. రాశాను.

తీర్మానం రాసి, తర్వాతి అంశానికి వెళ్లకముందే పైకి చదివాను. నేను "రెండు కోర్టుల్లోనూ" అని రాస్తే కోశాధికారి ఆపారు. అయిదున్నరకు వచ్చే ఇద్దరు పెద్ద సభ్యులకు ఒక కోర్టు వదలాలని అనుకున్నాం కదా అన్నారు. నిజమే. అయిదున్నర వరకు రెండు, ఆ తర్వాత ఒకటి అని దిద్దాను. పైకి చదవకపోతే ఆ ఒక్క మాట మీద మర్నాడు సాయంత్రం కోర్టులోనే గొడవ జరిగేది. అప్పటి నుంచి ప్రతి తీర్మానాన్నీ అక్కడికక్కడే చదవడం, బాధ్యత ఎవరిదో, గడువు ఎప్పుడో అందులోనే రాయడం నియమమైంది. "తగు చర్యలు", "త్వరలో", "కమిటీ చూసుకుంటుంది" అనే మాటలు మా మినిట్స్ పుస్తకంలోకి మళ్లీ రాలేదు.

షటిళ్ల లెక్క

షటిల్ ఆడనివారికి ఈ ఖర్చు ఎంత చికాకో తెలియదు. ఈకల షటిల్‌లో 16 ఈకలుంటాయి. ఒక్కటి విరిగినా షటిల్ గతి తప్పుతుంది. గట్టిగా ఆడే నలుగురు ఒక గంటలో రెండు మూడు షటిళ్లు పాడుచేస్తారు. ఎండాకాలం పొడి గాలికి ఈకలు పెళుసెక్కుతాయి. వేడిలో షటిల్ వేగం పెరుగుతుంది కాబట్టి మాలాంటి ఊళ్లలో వేసవికి వేగం సంఖ్య తక్కువున్నవి తెప్పించాలి. చలికాలానికి తెచ్చిన 78 వేగం సంఖ్య షటిళ్లతో మేలో ఆడితే ప్రతి షాటూ గీత దాటుతుంది. ఎవరు ఎన్ని వాడారు, పాతవి ఎక్కడికి పోతున్నాయి, పిల్లలకు నైలాన్‌వి చాలవా అన్న మాటలతో ప్రతి సమావేశంలోనూ ముప్పావుగంట హరించుకుపోయేది. ఆ ముప్పావుగంటలో ఒకరినొకరు అనుమానించుకునేవాళ్లం. నాకు బాధ కలిగించింది అదే. షెడ్డు రేకులు కారుతున్న విషయం అయిదు నిమిషాల్లో ముగిసేది.

దీనికి రెండు ఏర్పాట్లు చేశాం. బీరువా తలుపుకు లోపలివైపు ఒక పుస్తకం వేలాడదీసి, డబ్బా తీసినవారు తేదీ, పేరు, కోర్టు రాసేలా చూశాం. రెండు వేల రూపాయల లోపు రోజువారీ ఖర్చును కోశాధికారి, కార్యదర్శి కలిసి చేయవచ్చనీ, వోచర్లు జతచేసి లెక్క ఎజెండాతోపాటే పంపాలనీ తీర్మానించాం. సమావేశంలో ఆ కాగితం మీద ప్రశ్నలుంటే అడగవచ్చు, చదివి వినిపించడం ఉండదు. మూడు నెలల్లో ప్రశ్నలు దాదాపు ఆగిపోయాయి. అందరి కళ్ల ముందూ ఉన్న లెక్క మీద అనుమానానికి చోటు లేకుండా పోయింది.

"అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు" అన్న చివరి వరుస గురించి కూడా చెప్పాలి. ప్రతి సంఘం ఎజెండాలోనూ ఇది ఉంటుంది. మా దగ్గర పెద్ద తగవులన్నీ ఈ తలుపులోంచే లోపలికి వచ్చేవి. సగంమంది లేచి వెళ్లాక, అలసిపోయిన వేళ ఒకరు పెద్ద ఖర్చు ప్రతిపాదించేవారు. ఇప్పుడు ఆ వరుస కింద వచ్చిన విషయాన్ని రాసుకుంటాం, నిర్ణయం మాత్రం వచ్చే నెలకే. ప్రమాదానికి సంబంధించినదైతే తప్ప దీనికి మినహాయింపు లేదు. తెగిన విద్యుత్తు తీగ కోసం ఒకసారి ఆ మినహాయింపు వాడాం.

నేను ఓడిపోయిన ఓటు

2018 మార్చిలో చేతిలో కొంత సొమ్ము నిలిచింది. సిమెంటు నేల మీద ఆడి మోకాళ్లు దెబ్బతింటున్నాయి కాబట్టి ఒక కోర్టుకు సింథటిక్ మ్యాట్ వేయించాలని నా ఉద్దేశం. మాస్టారుదీ అదే. రేకులు మార్చాలన్నది కొందరి మాట. ప్రశ్నను రెండు వైపులా సమానంగా రాశాను. రెండింటి ధరల కొటేషన్లు జతచేశాను. చిన్నవాళ్ల నుంచి పెద్దల వరకు అందరూ మాట్లాడారు. ఏకాభిప్రాయం రాలేదు. అలాంటప్పుడు చేతులెత్తమంటే మాస్టారు చెయ్యి చూసి మిగతా చేతులు లేస్తాయి. అందుకని చీటీలు పంచాం. 7 చీటీలు రేకులకు, 4 మ్యాట్‌కు వచ్చాయి.

మాస్టారు చివరి మాటగా, "నేను నాలుగింటిలో ఉన్నాను. ఇప్పుడు తీర్మానం అందరిదీ. రేకుల పని కార్యదర్శి చూస్తాడు" అన్నారు. నాకు ఇష్టం లేని పనిని నా చేత్తో తీర్మానంగా రాసి, నెల రోజులు మేస్త్రీల వెంట తిరిగి చేయించాను. ఏకగ్రీవం అని రాయలేదు, ఓట్ల లెక్క రాశాను. ఆ ఏడాది డిసెంబరు 17న ఫెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. రెండు రోజులు ఎడతెగకుండా వాన కురిసింది. షెడ్డు లోపల చుక్క పడలేదు. పాత రేకుల కింద మ్యాట్ వేసి ఉంటే అదంతా నీళ్లలో నానిపోయేది. గేటు దగ్గర మాత్రమే మాట్లాడే మనుషులు ఆ ఏడుగురిలో అయిదుగురున్నారు.

కాగితం అవసరమయ్యే రోజు

మినిట్స్ ఎవరు చదువుతారులే అని చాలా సంఘాల్లో అనుకుంటారు. మాదీ 1860 నాటి సంఘాల నమోదు చట్టం కింద నమోదై, తర్వాత ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 పరిధిలోకి వచ్చిన సంఘమే. తెలంగాణలోనూ అదే చట్టం కొనసాగుతోంది. కనీసం ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు. కానీ ఏటా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేస్తూ ఉండాలి. సంఘంలో తగవు వస్తే 23వ సెక్షను కింద సభ్యులు మధ్యవర్తిత్వానికి గానీ, జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు. అక్కడ ముందుగా అడిగేది మినిట్స్ పుస్తకమే.

మాకు అంత దూరం రాలేదు. 2019లో కోశాధికారి మారినప్పుడు మాత్రం బ్యాంకువాళ్లు తీర్మానం నకలు అడిగారు. కొత్త పద్ధతిలో రాసిన తీర్మానం, అంటే పాత సంతకందారు ఎవరు, కొత్తవారు ఎవరు, ఏ ఖాతా, ఏ తేదీ నుంచి, ప్రతిపాదించినవారు, బలపరిచినవారు అన్నీ ఉన్నది, చూపితే ఒక్క రోజులో పని అయింది. అంతకుముందు ఇదే పనికి నాలుగు వారాలు తిరిగామని పాత కార్యదర్శి చెప్పారు.

బొటనవేలి గుర్తు

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షెడ్డుకు తాళం పడింది. శిక్షకుడి జీతం సంగతి తేల్చాలి. కలిసే వీలు లేదు. "సగం జీతం కొనసాగిద్దాం, అందరికీ సమ్మతమేనా" అని కమిటీ వాట్సాప్ గుంపులో రాశాను. ఏడు బొటనవేళ్లు వచ్చాయి. తీర్మానమైందనుకుని కోశాధికారి రెండు నెలలు డబ్బు పంపారు. మే చివర ఒక సభ్యుడు, తాను బొటనవేలు పెట్టింది చదివానని చెప్పడానికే గానీ ఒప్పుకున్నానని కాదన్నారు. మరొకరు తానూ అంతే అన్నారు. ఇద్దరి మీదా కోపం తెచ్చుకోవడానికి నాకు కారణం కనిపించలేదు. గదిలో మౌనం ఎలా రెండు అర్థాలిచ్చేదో, ఫోనులో ఆ బొటనవేలూ అలాగే ఇచ్చింది.

జూన్‌లో ఫోను ద్వారా సమావేశం పెట్టాం. ఒక్కొక్కరి పేరు పిలిచి, చిన్నవాళ్లతో మొదలుపెట్టి, "సమ్మతం" లేదా "అసమ్మతి" అని నోటితో చెప్పించి, ఆ మాటను పేరు ఎదురుగా రాశాను. సగం జీతం కాదు, మూడు వంతులు ఇవ్వాలని తేలింది. గుంపులో నేను వేసిన ప్రశ్నలో ఆ మూడో దారికి చోటే లేదు. శిక్షకుడికి అద్దె ఇల్లు, చిన్న పిల్లలు ఉన్నారని చెప్పింది మళ్లీ ఆ వ్యాయామ ఉపాధ్యాయురాలే. అప్పటి నుంచి గుంపులో సమాచారం మాత్రమే పెడుతున్నాం. ఏ నిర్ణయమూ అక్కడ జరగదు.

నష్టం కూడా రాయాలి

ఒక ఉపాధ్యక్షులు 2018 చివర రాజీనామా చేశారు. మాటకారి, మంచి మనసున్నవారు. టోర్నమెంటు వస్తే సగం ఖర్చు ఆయన చేతి మీదుగానే పోగయ్యేది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు అన్న నియమం ఆయనకు ముళ్ల కంచె అయింది. రాత్రి సమావేశాల్లో కబుర్లు, పాత మ్యాచ్‌ల జ్ఞాపకాలు ఆయనకు ప్రాణం. మేం పని త్వరగా ముగించడం మీద పెట్టిన శ్రద్ధలో కాస్తయినా ఆయన మీద పెట్టలేదు. రాజీనామా అందాక రెండుసార్లు వెళ్లి పిలిచాను, రాలేదు. ఈ మార్పులో నేను ఇప్పటికీ సరిచేయలేకపోయినది ఇదొక్కటి. తర్వాత, సమావేశం ముగిశాక ఇడ్లీల దగ్గర ఎవరూ త్వరగా లేవకుండా ఒక గంట కూర్చోవడం మాస్టారే అలవాటు చేశారు. ఆ అలవాటు ఏడాది ముందే మొదలై ఉంటే ఆ ఉపాధ్యక్షులు ఉండిపోయేవారని నా మనసు అంటుంది.

సమావేశాలు ఇప్పుడు గంటంబావులో ముగుస్తున్నాయి. దానికంటే నాకు ముఖ్యమైనది గేటు దగ్గర కనిపిస్తుంది. సమావేశం అయ్యాక అక్కడ ఎవరూ నిలబడటం లేదు. పిల్లల జట్టు 40 దాటింది. నాలుగుంబావుకు బడి గంట కొట్టిన పావుగంటకు మెట్ల మీద సంచులు వరసగా కనిపిస్తాయి. మాస్టారు ఆడటం మానేశారు కానీ అధ్యక్షులుగా కొనసాగుతున్నారు. ఆదివారం కాఫీ అరుగు మీదే.

రెండో ఆదివారం ఎజెండా నిన్న రాత్రి రాశాను. మూడో అంశం ఇది: "ఆదివారం ఉదయం 7 నుంచి 9 వరకు రెండో కోర్టును మహిళా సభ్యులకు మాత్రమే కేటాయించాలా? కేటాయిస్తే ఆ వేళ ఇప్పుడు ఆడుతున్న ఎనిమిది మందికి ఏ వేళ ఇవ్వాలి? ఎప్పటి నుంచి?" ఆ ఎనిమిది మందిలో నేనూ ఒకణ్ణి. ఈసారి మొదట మాట్లాడవలసింది మా కొత్త సంయుక్త కార్యదర్శి, మా తొలి శిక్షణ జట్టులో ఆడి, డిగ్రీ చదువుతున్న అమ్మాయి. కాగితం తన చేతికి ఈ ఉదయమే ఇచ్చాను.